పఖావజ్‌కు బెల్లం పాకం

ముందుగా ప్రమాణం. మా దుకాణంలోని పెద్ద యాంప్లిఫైయర్ మీద కుడిచెయ్యి పెట్టి చెబుతున్నాను, ఈ కింద రాసిన ప్రతి ముక్కా నిజం. ఆ యాంప్లిఫైయర్ నాకు అన్నం పెడుతున్న దేవుడు. దాని మీద అబద్ధపు ఒట్టు వేస్తే రేపు ఏదో ఒక పెళ్లిలో, సరిగ్గా పుస్తె కట్టే వేళకు, కుయ్యిమని అరిచి నా పరువు తీస్తుంది. బోధన్‌లో నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట చదివి నవ్వుతారని తెలుసు. మంజీరకు వరద వచ్చిన ఏడు నా లౌడ్‌స్పీకర్ గొట్టంలో ఓ కొర్రమీను గుడ్లు పెట్టిందనీ, పిల్లలయ్యేదాకా ఆ గొట్టాన్ని ఎవరికీ కిరాయికి ఇవ్వలేదనీ నేను ఇదే యాంప్లిఫైయర్ మీద ఒట్టేసి చెప్పినవాణ్ణే. అది వేరు. అది నలుగురిని నవ్వించడానికి చెప్పింది. ఇది రాస్తుంటే నాకే తల ఎత్తబుద్ధి కావడం లేదు.

నాది మైకుసెట్టు దుకాణం. పెళ్లికైనా, ఉర్సుకైనా, బోనాలకైనా, ఓట్లు అడగడానికైనా, మనిషి గొంతు పెద్దగా వినబడాలంటే మా దుకాణానికి రావలసిందే. ఆదివారాలు సామాను కొనడానికో, కాలిన కాయిల్ చుట్టించడానికో నిజామాబాద్ పోతాను. అలా పోయేటప్పుడు మా గల్లీలో ఎదురింటి అవ్వ తన మనవరాలిని నాతో పంపేది. ఆ పిల్ల తల్లిదండ్రులు ఏర్గట్లలో పసుపు పండిస్తారు. చదువు కోసం పిల్లను అవ్వ దగ్గర ఉంచారు. హైస్కూల్లో చదువుతుంది. హార్మోనియం బాగా వాయిస్తుంది. నిజామాబాద్‌లో ఉస్తాద్ దగ్గర నేర్చుకునేది.

"గీ కాక తోడుంటె నాకు ఫికరు లేదు" అని అవ్వ బస్సు ఎక్కించేటప్పుడల్లా కండక్టర్‌కు కూడా వినబడేలా అనేది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఉస్తాద్ తరగతి గంజ్ మార్కెట్ పక్కన, గోనెసంచుల దుకాణం పైగదిలో. పసుపు సీజన్‌లో ఆ గదిలో కూర్చుంటే తుమ్ములే తుమ్ములు. హార్మోనియం తెల్ల మెట్లు పచ్చబడి ఉంటాయి. ఉస్తాద్ ముసలాయన. ఆయన తాతల నుంచీ ఆ ఇంట్లో పాటా, వాయిద్యమే; వాయిద్యాన్ని ఆయన సాజ్ అంటాడు. గదిలో గోదావరి అవతలి మరాఠీ అభంగాలు పాడే పిల్లలూ ఉంటారు, దర్గాలో పాడే పిల్లలూ ఉంటారు. ఆయనకు అందరూ ఒకటే. తాళం తప్పితే అందరికీ చెవి మెలిక ఒకటే.

ఆ తరగతిలో ఒక పద్ధతి ఉంది. స్కూలు పరీక్షలయ్యాక సెలవుల్లో పిల్లలు తమ వాయిద్యాన్ని పక్కవాడి చేతిలో పెట్టాలి, పక్కవాడిది తాము తీసుకోవాలి. దీన్ని అదలాబదలీ అంటారు. ఇచ్చినవాడే తీసుకున్నవాడికి గురువు. ఇంటికి తీసుకుపోయి సాధన చేయాలి. సెలవుల చివర జరిగే కార్యక్రమంలో ఎవరూ తమ సొంత వాయిద్యం ముట్టకూడదు, రెండోది వాయించి చూపాలి. మొదటిసారి విన్నప్పుడు నేను అడిగాను, వచ్చినదాన్ని వదిలి రానిదాంతో స్టేజీ ఎక్కడం ఎందుకని.

"నీ సాజ్ తోని నువ్వు మాట్లాడుడు నేర్చినవ్ బేటా" అన్నాడు ఉస్తాద్, నన్ను కూడా పిల్లల్లో కలిపేసి. "పక్కోని సాజ్ పట్టుకుంటె గని వినుడు రాదు."

ఆ సంవత్సరం మా పిల్లకు పఖావజ్, అంటే మృదంగం లాంటి పెద్ద తోలు వాయిద్యం, వచ్చింది. దాన్ని ఇచ్చింది కోటగిరి నుంచి వచ్చే ఒక రైతు ఇంటి పిల్లవాడు. ఆ పఖావజ్ వాడిది కాదు, వాడి తాతది. తాత భజనల్లో వాయించీ వాయించీ చేతులు వణికే వయసుకు మనవడికి ఇచ్చాడు. మా పిల్ల హార్మోనియం వాడి ఒళ్లోకి పోయింది. వాళ్లిద్దరికీ అంతకుముందు నుంచే పడదు.

"హార్మోనియం అంటె ఏముందే? గాలి కొట్టుడు, బటన్ ఒత్తుడు. సైకిల్ పంపు లెక్కనే" అనేవాడు వాడు.

"పంపు కొట్టరాక పంక్చరైతె నన్ను పిల్వకు" అనేది పిల్ల.

నిజంగానే వాడికి పంక్చరైంది. పుట్టినప్పటి నుంచి తాళం వేసిన చెయ్యి కదా, గాలి తిత్తిని కూడా దరువు వేసినట్టే కొట్టేవాడు. పాట సాగదు, హార్మోనియంకు ఎక్కిళ్లు పట్టుకున్నట్టు ఉండేది. గదంతా నవ్వేది. కానీ వాడు నవ్వులకు చలించే రకం కాదు, తానూ నవ్వి మళ్లీ మొదలుపెట్టేవాడు.

పిల్ల కష్టం వేరే. ఆమె కుడిచేతి వేళ్లు పఖావజ్ మీద మెట్లు వెతుక్కునేవి. ఎడమచెయ్యి తిత్తిని ఒత్తినట్టు తోలును మెత్తగా ఒత్తేది. పఖావజ్‌కు ఎడమ వైపే ప్రాణం. ఆ పెద్ద మూత మీద గోధుమపిండి తడి ముద్ద అద్ది, అరచేత్తో కొడితే గుమ్మని లోతుగా మోగాలి. వాయించడం అయిపోగానే పిండి గీకేసి, తోలు తుడిచి పెట్టాలి. పిల్ల కొడితే గుమ్మని రాదు. తలుపు అవతల ఎవరో గోనెసంచి దించినట్టు ధప్పుమనేది.

"అది తోలు, తిత్తి గాదు. ఒత్తకు, కొట్టు" అని గురువు హోదాలో వాడు అరిచేవాడు. ఒక ఆదివారం అందరి ముందూ, "ఏందే, నీ ఎడమ చెయ్యి మూగదా?" అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. ఈసారి మా పిల్ల పిండి గీకి, చేతులు కడుక్కొని, గోడ వైపు చూస్తూ కూర్చుంది. కార్యక్రమంలో గుమ్మని మోగకపోతే వచ్చే ఏడు తనను ముందు వరసలో కూర్చోబెట్టరని ఆమె భయం. అవ్వ భయం ఇంకొకటి. అంత దూరం పంపించి ఏం లాభం, దర్జీ పని నేర్పిస్తే పోదా అని అప్పటికే ఇంట్లో మాట నడుస్తోంది.

తిరుగు బస్సులో పిల్ల నా పక్కనే కూర్చుంది, పఖావజ్ ఒళ్లో పెట్టుకొని.

"కాకా, ఎడమ దిక్కు గుమ్మని ఎట్ల వస్తది?"

నాకు తెలియదు. పఖావజ్ ముందు మైకు ఎంత ఎత్తులో పెట్టాలో తెలుసు, అంతే. కానీ "నాకు తెల్వది బిడ్డ" అన్న మాట నా నోటి నుంచి పుట్టినప్పటి నుంచి రాలేదు. ఎవరేం అడిగినా జవాబు చెప్పడం, ఆ జవాబుకు ఒక తోక పెట్టడం, ఆ తోకకు ఇంకో తోక. ఎడపల్లి దాటేలోగా కథ తయారైంది.

"చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలంల" అని మొదలుపెట్టాను. "చెరుకు బండ్లు బోధన్ల లైను కట్టేటియి. తూకం అయ్యేదాక బండ్లోళ్లు రోడ్డు మీదనే భజన. మా తాత గుడ వాళ్లల్లనే ఉండె. వాళ్లు పఖావజ్ పిండిని నీళ్లతోని కలిపేటోళ్లు కాదు."

"మరి?"

"బెల్లం పాకం. చెరుకు మన్దాయె, బెల్లం మన్దాయె. పాకంతోని పిండి కలిపి, ఎడమ తోలుకు పెట్టి, రాత్రంత వదిలేస్తుండె. గీకొద్దు. తోలు పాకం తాగాలె. తెల్లారి దెబ్బ ఏస్తె గుమ్మ్ అంటే గుమ్మ్. పండుకున్న ఎడ్లు లేసి, తూకం కాకముందే బండ్లు గుంజుకపోయేటియి. ఒకసారైతె ఫ్యాక్టరీల సైరన్ కొట్టేటోడు ఆ గుమ్మ్ విని షిఫ్టు అయిపోయిందనుకొని సైరన్ కొట్టిండు. కూలోళ్లంత పనిల నుంచి బయటికొచ్చిండ్రు!"

వెనక సీటువాళ్లు నవ్వారు. టికెట్లు కొట్టడం ఆపి కండక్టర్ నవ్వాడు. పిల్ల నవ్వలేదు. ఎప్పుడూ "గిది నిజమేనా కాకా?" అని నవ్వుతూ అడిగే పిల్ల ఆ రోజు అది అడగలేదు.

"పాకం లేతదా, ముదురుదా?" అంది.

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఎడ్లు లేచాయా అని అడిగిన పిల్ల కథ వింటున్నట్టు. పాకం ఎంత ముదరాలని అడిగిన పిల్ల కథ వినడం లేదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా, మీసం దువ్వుకుంటూ, చెరుకు గానుగలో పుట్టినవాడిలా జవాబు చెప్పాను.

"తీగపాకం. లేతదైతె పారుతది... ముదురైతె ఉండ కడుతది."

మధ్యలో ఒక చిన్న విరామం ఇచ్చాను. ఏ అబద్ధమైనా అలాంటి చోట విరామం ఇస్తేనే నమ్ముతారు.

రెండుమూడు రోజులకు పొద్దున్నే ఎదురింట్లో అరుపులు. పోయి చూస్తే వాకిట్లో పఖావజ్ పక్కకు ఒరిగి ఉంది. గోడ మీది నుంచి చీమల బారు దిగి తిన్నగా దాని దగ్గరికి వచ్చింది. పిండి ముద్ద పల్లీపట్టీలా గట్టిపడి తోలును లోపలికి గుంజుకుంది. మిగిలింది ఎలుకలు చూసుకున్నాయి. అంచు పొడుగునా కొరికి పారేశాయి. ఒక చోట నా పిడికిలి పట్టేంత రంధ్రం. పిల్ల తడిగుడ్డ పట్టుకొని నిలబడి ఉంది. ఏం తుడవాలో తెలియక గుడ్డనే పిండుతోంది.

"వీటి వంశం నాశనంగాను!" అని అవ్వ ఎలుకలను తిడుతోంది. "పరాయోళ్ల వస్తువే అది! ఏం మొఖం పెట్టుకొని తీస్కపోతవే ఇగ?"

పిల్ల నా దగ్గరికి వచ్చి, అవ్వకు వినబడకుండా అంది. "నువ్వు చెప్పినట్టే చేసిన కాకా. తీగపాకమే పట్టిన."

అందులో నింద లేదు. ఎక్కడ తప్పు చేశానో చెప్పు, సరిదిద్దుకుంటాను అన్నట్టుంది. లెక్క తప్పిన పిల్ల సారు దగ్గరికి పలక తెచ్చినట్టు. అవ్వ వైపు తిరిగి, "ఎలుకల మందు పెట్టకపోతివేంది అవ్వా? గీ ఏడు ఎలుకలు మస్తున్నయి. నా వైర్లు గుడ కొరుకుతున్నయి" అన్నాను. అవ్వ నా వైర్ల కోసం కూడా కాసేపు బాధపడింది.

ఆ ఆదివారం పిల్ల పఖావజ్‌ను అవ్వ పాత చీరలో చుట్టి తెచ్చింది. బస్సులో నేను నోరు విప్పలేదు.

"ఏందన్న, ఇయ్యాల రేడియో స్టేషన్ పట్టుకుంటలేదా?" అన్నాడు కండక్టర్. అందరూ నవ్వారు. పిల్ల కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ ఉంది.

నా దురదృష్టానికి ఆ రోజే కోటగిరి నుంచి తాత వచ్చి కూర్చున్నాడు, మనవడి హార్మోనియం ఎట్లా ఉందో విందామని. పిల్ల గది మధ్యలో చీర విప్పింది. కింద హమాలీలు బస్తాలు వేస్తున్న చప్పుడు వినబడింది. తాత లేచి వచ్చి, రంధ్రం అంచు మీద అరచెయ్యి పెట్టాడు. పసిపిల్లకు జ్వరం చూసినట్టు పెట్టాడు.

"గిది పండరి పొయ్యొచ్చింది" అన్నాడు.

మనవడు ఊరుకోలేదు. "కావాల్ననే జేసింది ఉస్తాద్! మూగ చెయ్యి అన్ననని కచ్చ వెట్టుకున్నది! సూడు, పిండి గుడ గీకలే!"

"చుప్" అన్నాడు ఉస్తాద్. వంగి, గట్టిపడ్డ పిండిని గోటితో గీకి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఆయన ముఖం మారింది. "బేటా, పిండిల ఏం కలిపినవ్?"

"బెల్లం."

"ఎవలు చెప్పిండ్రు గట్ల కలపుమని?"

నేను తలుపు దగ్గర ఉన్నాను. ఆ గదిలో నేను ఎప్పుడూ తలుపు దగ్గరే కూర్చుంటాను, పిల్లలు విరామంలో చుట్టూ మూగడానికి వీలుగా. ఆ క్షణంలో మైకు వైరు చుట్టుతున్నాను. చుట్టిన వైరే మళ్లీ విప్పి చుట్టుతున్నాను. పిల్ల నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. చూసి ఉంటే నన్ను పట్టించిందని కోపం తెచ్చుకొని, ఆ కోపం చాటున బతికిపోయేవాణ్ణి.

"ఎవ్వలు చెప్పలే. నేనే చేసిన" అంది.

అక్కడైనా మనిషన్నవాడు లేవాలి. నేను లేచాను. నోరు తెరిచాను. తెరిస్తే వచ్చింది ఏమిటి? "ఉస్తాద్, గీ ఏడు బోధన్ల ఎలుకలు మామూలుగ లేవు. నా దుకాణంల ఒక ఎలుక స్పీకర్ అట్ట తిని, రాత్రిపూట..." పిల్లలు అప్పుడే నవ్వడానికి సిద్ధమయ్యారు. ఉస్తాద్ నా వైపు తిరగకుండానే చెయ్యి ఎత్తాడు. "నువ్వు జర ఆగు."

ఆగాను.

"కాయిదా అందరికి ఒక్కటే" అన్నాడు ఉస్తాద్. ఆయనకు ఆ పిల్ల అంటే ప్రేమ. "తోటోని సాజ్ ఖరాబు చేసినోళ్లు ఈ కమ్రాల కూసోరు. మా అబ్బాజాన్ కాలం నుంచి గంతే. వచ్చే ఐతారం అవ్వను తోల్కరా బేటా. నేనే చెప్త."

పిల్ల తల ఊపింది. హార్మోనియం వైపు ఒకసారి చూసింది. అది ఇంకా ఆ పిల్లవాడి ఒళ్లోనే ఉంది. చెప్పులు వేసుకోవడానికి తలుపు దగ్గరికి, అంటే నా దగ్గరికి వచ్చింది. ఒక చెప్పు వేసుకుంది. రెండోది నా వైరు చుట్ట కింద ఉంది. వంగి, వైరు పక్కకు జరిపి, తీసుకుంది. "జరుగు కాకా" అని కూడా అనలేదు.

"ఉస్తాద్" అన్నాను. "బెల్లం పాకం మాట నాది. బస్సుల నేనే చెప్పిన. పిల్ల నమ్మింది."

గది ఒక్క క్షణం ఆగి, ఫక్కున నవ్వింది.

"కాక మల్ల షురూ జేసిండు!" అన్నాడు ఎవడో.

"లేదు, నిజం. ఫ్యాక్టరీ కాలంల బండ్లోళ్లు పాకం వెడ్తుండిరి అని నేనే..."

"ఎడ్లు లేసినయా కాకా?" ఇంకొకడు. వాడికి ఆ కథ తెలియదు. నా కథల్లో ఎప్పుడూ ఏవో లేస్తాయి కాబట్టి అన్నాడు.

"నా యాంప్లిఫైయర్ మీద ఒట్టు!"

ఇంకేముంది, చిన్నపిల్లలు కడుపులు పట్టుకున్నారు. కొర్రమీను కథ ఆ గదిలో అందరికీ కంఠతా వచ్చు. తాత మాత్రం నవ్వకుండా నా భుజం తట్టాడు. "మంచోనివి బిడ్డ. ఆడిపిల్ల కోసం నింద నెత్తి మీదేసుకుంటున్నవ్. గిసోంటి మనుసు అందరికుండది."

ఉస్తాద్ కూడా తల పంకించాడు. "దిల్ మంచిది నీది. గని ఇది కిస్సాలు చెప్పే టైము గాదు."

నన్ను ఊళ్లో చాలామంది అబద్ధాలకోరు అన్నారు. ఎప్పుడూ తగల్లేదు. ఆ రోజు మంచోనివి అన్నప్పుడు తగిలింది. నా జన్మలో మొదటిసారి అవసరమైన నిజం చెబితే, దాన్ని నేను చెప్పిన కథలన్నిటిలోకి మంచి కథ అని మెచ్చుకున్నారు. నిలబడే ఉన్నాను, చెంప మీద కొట్టించుకున్నవాడిలా. నిరూపించడానికి నా దగ్గర ఏముంది? మాట తప్ప ఏమీ లేదు. ఆ మాటకు విలువ లేకుండా చేసుకున్నది నేనే.

ఉస్తాద్ ఎందుకో ఆగాడు. నాలుక మీద ఆ తీపి ఇంకా ఉందేమో. గడప దాటుతున్న పిల్లను అడిగాడు. "బేటా, ఏ పాకం పట్టినవ్?"

పిల్ల వెనక్కి తిరిగింది. పాఠం అప్పజెప్పమంటే అప్పజెప్పే పిల్ల. చెవిలో పడ్డది పడ్డట్టు హార్మోనియం మీద పలికించే పిల్ల.

"తీగపాకం" అంది. "లేతదైతె పారుతది... ముదురైతె ఉండ కడుతది."

అవి నా మాటలు. మాటలే కాదు, నా ఎత్తుగడ. "పారుతది" దగ్గర గొంతు కిందికి దించడం నాది. మధ్యలో ఆ విరామం నాది. "ఉండ కడుతది" అని చివర కొంచెం సాగదీసి వదలడం, బోధన్‌లో ఇంకెవరూ వదలరు, నేనే. ఆ గదిలో ఉన్నవాళ్లంతా చెవులతో బతికేవాళ్లు. నా కథలు వందలసార్లు విన్నవాళ్లు. ఒక్కొక్క తలే నా వైపు తిరిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తాత నా భుజం మీదున్న చెయ్యి తీసేశాడు. విసురుగా కాదు, మెల్లగా. ఎక్కడో పెట్టబోయి పొరపాటున ఇక్కడ పెట్టినట్టు తీసేశాడు.

"అరె కాకా..." అన్నాడు మనవడు. వాడి గొంతులో కచ్చ లేదు. నిరాశ ఉంది.

ఉస్తాద్ గోటికంటిన పిండి తుడుచుకున్నాడు. తర్వాత పిల్లతో, "చెప్పులిడిసి కూసో" అన్నాడు. నా వైపు చూసి, "కాయిదా ప్రకారం నువ్వు పోవాలె బయటికి. గని నిన్ను ఇడిసిపెడితె బస్సుల ఇంకొందరికి పాకం పోస్తవ్. ఈడనే కూసో" అన్నాడు. గోడకున్న మేకు నుంచి భజన చేసే ఇత్తడి తాళాల జత తీసి నా చేతిలో పెట్టాడు. "నీకు ఒక్కటే సాజ్ వస్తది, నోరు. ఇగ రెండోది నేర్చుకో."

మరునాడు తాత వెంట పఖావజ్ మోసుకొని వాయిద్యాలు బాగుచేసే దుకాణానికి పోయాను. కొత్త తోలు బిగిస్తుంటే వార్లు లాగమంటే లాగాను. తాత దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ. కొత్త తోలు మీద ఆయన చెయ్యేసి కొట్టాడు. గుమ్మని మోగింది. "గొంతు మారింది" అన్నాడు. మళ్లీ ఆదివారం తానే తెచ్చి పిల్ల చేతుల్లో పెట్టాడు. పెట్టి, నా ముందే, "నీళ్లతోనే కలుపు బిడ్డ" అన్నాడు.

తాళాలు తేలిక అనుకునేవాణ్ణి. రెండు ఇత్తడి బిళ్లలు, ఒక దారం. దెబ్బ వేయడం వచ్చింది. రెండు దెబ్బల మధ్య ఊరుకోవడం రాలేదు. ఆ ఖాళీ కనబడితే చాలు నా చేతులు ఏదో ఒకటి పెట్టి నింపేవి, కథలో తోక పెట్టినట్టు. "కాకా, ఎక్కువేసినవ్" అని నా నడుము దాకా కూడా రాని పిల్లలు గదిమేవాళ్లు. తాళాలు పఖావజ్‌ను పట్టుకొని నడవాలి కాబట్టి నా పాఠం మా పిల్ల దగ్గర. ఆమె నన్ను తిట్టలేదు. గదమలేదు. నేను తప్పినప్పుడల్లా ఆపి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. బస్సులో మాత్రం నా పక్కన కాక ముందు సీట్లో, ఎవరో ఒక ఆడమనిషి పక్కన కూర్చునేది.

ఆ రోజుల్లో ఆమె ఎడమచెయ్యికి నోరొచ్చింది. పాకం వల్ల కాదు. పిల్లవాడు తన చెయ్యి ఆమె చెయ్యి మీద పెట్టి కొట్టించడం మానేసి, ఆమె కొడుతుంటే తాను హార్మోనియం వాయించడం మొదలుపెట్టాడు. వాడి ఎక్కిళ్లకు ఆమె దెబ్బ సరిపోయింది, ఆమె దెబ్బకు వాడి గాలి నిలబడింది. ఇద్దరూ తిట్టుకుంటూనే ఉన్నారు. "పంపు మెల్లగ కొట్టు!" "నువ్వు గట్టిగ కొట్టు!"

కార్యక్రమం సెలవుల చివరి ఆదివారం, నిజామాబాద్‌లో ఒక చిన్న హాలులో. మైకులు నావే. మొదటి వరసలో అవ్వ, ఆమె పక్కన తాత. పిల్ల తడి పిండి అద్దింది. నీళ్లతో కలిపిందే. మొదటి దెబ్బకే గుమ్మని హాలు నిండింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వెనక వరసలో తాళాలు పట్టుకొని కూర్చున్నాను. నడి వయసు మనిషిని, పిల్లల మధ్య, చెమటలు పడుతూ. భజన వేగం అందుకున్నాక జనం చప్పట్లు మొదలుపెట్టారు. చప్పట్లు వినగానే నా పాత రోగం తిరగబెట్టింది. ఒక దెబ్బ ఎక్కువ వేశాను. దాని వెనక ఇంకొకటి. తాళం జారింది. పిల్లవాడు హార్మోనియం మీద తడబడ్డాడు. అప్పుడు ఆమె నా వైపు తల తిప్పింది, గడ్డంతో దెబ్బ చూపింది, ఎడమచెయ్యి బలంగా వేసింది. గుమ్మ్. నేను దాన్ని పట్టుకున్నాను. పట్టుకోగానే ఆమె నన్ను చూసి నవ్వింది, చిన్నగా, పాత రోజుల్లో "గిది నిజమేనా కాకా" అని అడిగినప్పటి నవ్వు.

ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది. కానీ యాంప్లిఫైయర్ మీద ఒట్టేశాను.

నవ్వు నేను కల్పించింది. మిగతాదంతా జరిగింది. పాకం, ఎలుకలు, నా వైరు చుట్ట కింది చెప్పు, అన్నీ. నవ్వు మాత్రం లేదు. ఆమె తల తిప్పింది, దెబ్బ చూపింది, నేను అందుకోగానే తిరిగి తన తోలు వైపు చూసుకుంది. తాళం తప్పినవాడు ఎవడైనా ఆమె అంతే చేసేది. ఈ పేజీ నాలుగైదుసార్లు రాశాను, నవ్వు లేకుండా రాయాలని. ప్రతిసారీ నా చెయ్యి దాన్ని పెట్టేసింది.

జరిగింది ఇంకొకటి ఉంది, అది రాయకుండా దాటేద్దామనుకున్నాను. కార్యక్రమం అయ్యాక బస్టాండ్‌లో అవ్వ అడిగింది, బోధన్ బస్సు ఎప్పుడని. "ఇదే, ఇప్పుడే కదులుతది" అన్నాను. నిజమే చెప్పాను, బస్సు ఎదురుగా ఉంది, బోర్డు కూడా ఉంది. పిల్ల విని తల ఊపింది. తిరిగొచ్చిన తన హార్మోనియం అవ్వ పక్కన దించి, పోయి కండక్టర్‌ను అడిగి వచ్చింది.